వాన నీటిలో ఆక్సిజన్ ఐసోటోపులు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నమూనాలు పట్టడం నుంచి ఫలితం చదవడం దాకా

నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి వైపు నుంచి డిగ్రీ విద్యార్థులు, హైస్కూలు సైన్సు టీచర్లు, కొందరు రైతులు కూడా తరచూ ఒకటే అడుగుతున్నారు. వాన నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపితే వాతావరణ మార్పు గురించి ఏమైనా తెలుస్తుందా, అసలు ఎలా పట్టాలి అని. తెలుస్తుంది, కాకపోతే పని చెడిపోయేది ఎక్కువగా ల్యాబ్‌లో కాదు, మన డాబా మీదే. మూత వదులైన సీసాలో వారం ఉన్న నీటిని ఎంత ఖరీదైన మిషన్ మీద కొలిచినా, పోయిన ఆవిరి లెక్క వెనక్కి రాదు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం గరాటు, క్యాను, మూత, రిజిస్టరు గురించే ఉంటుంది.

1. ఏం కొలుస్తున్నామో ముందు తెలుసుకోండి

ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకాల్ని ఐసోటోపులు అంటారు. ప్రకృతిలోని ఆక్సిజన్‌లో 99.76 శాతం ఆక్సిజన్-16. సుమారు 0.2 శాతం మాత్రం కాస్త బరువైన ఆక్సిజన్-18. నీరు ఆవిరయ్యేటప్పుడు తేలిక రకం నీరు ముందు లేస్తుంది. ఆవిరి వానగా మారేటప్పుడు బరువు రకం ముందు పడిపోతుంది. మేఘాలు కురుస్తూ వచ్చిన కొద్దీ మిగిలిన ఆవిరిలో ఆక్సిజన్-18 తగ్గుతూ పోతుంది.

ల్యాబ్ ఇచ్చే అంకెను డెల్టా ఓ-18 అంటారు. దాని యూనిట్ పర్ మిల్, అంటే వెయ్యికి ఇంత. సగటు సముద్రపు నీటిని ప్రమాణంగా పెట్టుకుని పోలుస్తారు. మైనస్ 10 వచ్చిందంటే ఆ వానలో ఆక్సిజన్-18 నిష్పత్తి సముద్రపు నీటి కంటే వెయ్యికి 10 తక్కువన్నమాట.

ఇక్కడే చాలామంది పొరబడతారు. చలి దేశాల్లో ఈ అంకె ఉష్ణోగ్రతతో పాటు కదులుతుంది కాబట్టి దాన్ని థర్మామీటరులా వాడతారు. మన కోస్తాలో అలా కుదరదు. మన దగ్గర ఈ అంకెను నడిపేవి ఆవిరి ఏ సముద్రం నుంచి వచ్చింది, దారిలో ఎంత కురిసింది, వాన ఎంత పెద్దది, చినుకు నేల చేరేలోపు ఎంత ఆవిరైంది అన్నవే. "మైనస్ తగ్గింది కాబట్టి వేడి పెరిగింది" అని నెల్లూరు వాన మీద రాస్తే తప్పు.

2. ప్రశ్న, ల్యాబ్: ఈ రెండూ మొదటి వానకు ముందే

మీ ప్రశ్నను బట్టే నమూనా పట్టే పద్ధతి ఉంటుంది.

- రెండు రుతుపవనాల వానల్లో తేడా చూడాలంటే: రోజుకో నమూనా.
- ఏళ్ల తరబడి నడిపే రికార్డు కావాలంటే: నెలకో నమూనా. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి 1960ల మొదటి నుంచి నడుపుతున్న వాన నీటి నెట్‌వర్కులో ఎక్కువగా వాడేది ఇదే.
- ఒక తుపాను లోపల మార్పు చూడాలంటే: గంటకో, మూడు గంటలకో ఒకటి.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా రోజువారీ పద్ధతే. రోజు నమూనాల నుంచి నెల సగటు లెక్క కట్టుకోవచ్చు. నెల నమూనాను తిరిగి రోజులుగా విడదీయలేం.

ఐసోటోపు కొలతలు చేసే సంస్థలు హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్), రూర్కీలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైడ్రాలజీ, అహ్మదాబాద్‌లో పీఆర్‌ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ) వంటివి ఉన్నాయి. వ్యక్తిగా రాయడం కంటే కాలేజీ లేదా యూనివర్సిటీ విభాగం లెటర్‌హెడ్ మీద రాయడం మేలు. రాసేటప్పుడు ఇవి అడగండి:

- ఒక్కో నమూనాకు ఎన్ని మి.లీ. కావాలి?
- ఎలాంటి సీసా కావాలి?
- పారఫిన్ ఆయిల్ వేసిన నీరు తీసుకుంటారా?
- డెల్టా ఓ-18తో పాటు డ్యుటీరియం (బరువు రకం హైడ్రోజన్) కూడా కొలుస్తారా?
- ఖర్చు ఎంత, ఫలితానికి ఎన్నాళ్లు పడుతుంది?

నాలుగో ప్రశ్నను వదలకండి. డ్యుటీరియం లేకపోతే మీ నమూనా ఆవిరైందో లేదో పట్టుకునే దారి మూసుకుపోయినట్టే.

3. చోటు ఎంపిక

చెట్టు, వాటర్ ట్యాంకు, పక్కింటి గోడ, ఏదైనా సరే గరాటు అంచు కంటే ఎంత ఎత్తు ఉందో దానికి కనీసం రెండింతల దూరంలో గరాటు పెట్టండి. రెండు మీటర్లు ఎక్కువ ఎత్తున్న ట్యాంకైతే నాలుగు మీటర్లు.

డాబా కంటే ఖాళీ ఆవరణ మంచిది. డాబా అంచున గాలి పైకి లేచి చినుకుల్ని పక్కకు కొట్టేస్తుంది. డాబా తప్పనిసరైతే మధ్యలో పెట్టండి. నేల మీద పెడితే మట్టి చిందకుండా గరాటు అంచు కనీసం 30 సెం.మీ. ఎత్తులో ఉండాలి.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో అలల తుంపర తగలనంత లోపలికి జరగండి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టుపక్కల దుమ్ము సమస్య. దుమ్ము ఐసోటోపు అంకెను మార్చదు కానీ గొట్టాన్ని మూసేస్తుంది, ల్యాబ్ మిషన్‌కీ ఇబ్బందే.

4. సామాను, బిగింపు

- 15 సెం.మీ. వ్యాసం ఉన్న ప్లాస్టిక్ గరాటు
- 5 లీటర్ల గట్టి ప్లాస్టిక్ క్యాన్లు రెండు, ఒకే రకం
- 5 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న మెత్తటి గొట్టం
- గాలి పోవడానికి సెలైన్ పైపు లాంటి సన్నని గొట్టం, కొన్ని మీటర్లు
- ప్లాస్టిక్ జాలీ ముక్క
- 100, 1000 మి.లీ. కొలజాడీలు
- 30 లేదా 60 మి.లీ. హెచ్‌డీపీఈ (గట్టి రకం ప్లాస్టిక్) సీసాలు, లోపలి బిరడా ఉన్నవి
- ఒక గ్రాము దాకా చూపించే కిచెన్ త్రాసు
- ఇనుప స్టాండు, సిలికాన్ సీలెంట్, థర్మోకోల్ పెట్టె

గరాటును క్యాను మూతిలో గుచ్చి వదిలేయకండి. అలా పెడితే గరాటు రంధ్రం మొత్తం నుంచి ఆవిరి పోతూనే ఉంటుంది. గరాటును స్టాండుకు సమతలంగా కట్టి, దాని కాడ నుంచి మెత్తటి గొట్టాన్ని క్యాను మూతలోంచి దింపి అడుగు దాకా తీసుకెళ్లండి. మొదట పడిన కొద్ది నీళ్లకే గొట్టం చివర మునిగిపోతుంది. ఆ తర్వాత బయటి గాలికి తగిలేది గొట్టంలో ఉన్న ఆ సన్నటి నీటి మట్టం మాత్రమే.

చిన్న వానకు కూడా గొట్టం మునగాలంటే క్యానును ఒక మూలకు కాస్త వంచి నిలబెట్టి, గొట్టం చివరను ఆ మూలలోనే ఉంచండి. గరాటు వేరే స్టాండు మీద ఉంది కాబట్టి అది వంగదు.

క్యాను మూతకు రెండో రంధ్రం పెట్టి సన్నని గొట్టం బిగించండి. నీళ్లు దిగేటప్పుడు లోపలి గాలి దాని ద్వారా బయటికి పోతుంది. అది ఎంత పొడవుంటే ఆవిరి అంత తక్కువ పోతుంది కాబట్టి చుట్ట చుట్టి క్యానుకే కట్టేయండి. రెండు రంధ్రాల చుట్టూ సిలికాన్ పూసి పూర్తిగా ఆరనివ్వండి.

ఆకులు, పురుగులు పడకుండా గరాటుకు ప్లాస్టిక్ జాలీ సరిపోతుంది. గుడ్డ కట్టొద్దు, అది నీళ్లు పీల్చుకుని ఆరబెడుతుంది. క్యానును థర్మోకోల్ పెట్టెలో నీడగా ఉంచండి. మన దగ్గర రొయ్యలు ప్యాక్ చేసే పెట్టెలు ఎక్కడైనా దొరుకుతాయి, బాగా కడిగి ఆరబెట్టి వాడండి.

పారఫిన్ ఆయిల్ గురించి ఒక మాట. క్యానులో అర సెంటీమీటరు మందాన లిక్విడ్ పారఫిన్ పోస్తే అది నీటి మీద తేలి ఆవిరిని ఆపుతుంది. నెలవారీ నమూనాలకు ఇది పాత పద్ధతే. కానీ నమూనాలో నూనె చుక్క కలిసినా ల్యాబ్‌లో ఐసోటోపులు కొలిచే లేజర్ మిషన్లకు ఇబ్బంది. గొట్టం పద్ధతి కుదిరితే నూనె జోలికి పోవద్దనే నేనంటాను.

5. ఎండలో పరీక్ష

ఈ మెట్టు దాటేయాలని అందరికీ అనిపిస్తుంది. దాటేయకండి. మే నెల ఎండను తట్టుకున్న క్యాను నవంబరు ముసురులో మోసం చేయదు.

వాన సూచన లేని వారం చూసి క్యానులో అర లీటరు నీళ్లు పోయండి. గొట్టాలన్నీ బిగించి తూకం వేయండి. వాన రోజుల్లో ఎక్కడ పెడతారో అక్కడే, అదే పెట్టెలో వారం ఉంచి మళ్లీ తూకం వేయండి.

తరుగు 5 గ్రాములలోపు ఉండాలి. అంటే ఒక శాతం. ఒక శాతం నీరు ఆవిరైతే డెల్టా ఓ-18 దాదాపు 0.1 పర్ మిల్ లేదా ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది. మంచి ల్యాబ్ ఖచ్చితత్వం కూడా సుమారు అంతే. అంతకు మించి తరిగితే మీ పరికరమే అసలు లెక్కను మింగేస్తున్నట్టు. అప్పుడు ముందు మూత చుట్టూ సీలు, తర్వాత గాలి గొట్టం పొడవు, చివరగా గొట్టం అడుగు దాకా దిగిందో లేదో వరుసగా చూడండి.

6. రోజూ ఉదయం 8.30కి

భారత వాతావరణ శాఖ 24 గంటల వర్షపాతాన్ని ఉదయం 8.30 నుంచి 8.30 దాకా లెక్కిస్తుంది. మీరూ అదే సమయం పాటిస్తే మండల వర్షపాతంతో మీ అంకెల్ని నేరుగా పోల్చుకోవచ్చు.

1. నిండిన క్యాను తీసి, పొడిగా ఉన్న రెండో క్యాను వెంటనే బిగించండి. వాన పడుతున్నా ఆగొద్దు.
2. లోపలికి తెచ్చి, మూత తీయకుండా క్యానును గుండ్రంగా తిప్పి నీళ్లు కలపండి. రాత్రి పడిన వాన, తెల్లవారుజామున పడిన వాన ఒకే అంకెతో ఉండవు.
3. ఆ నీటితోనే సీసాను ఒకసారి తొలిచి పారబోయండి. కుళాయి నీటితో కడగొద్దు. నీళ్లు కొద్దిగానే ఉంటే తొలవకుండా పొడి సీసా వాడండి.
4. సీసాను అంచు దాకా నింపి, బిరడా నొక్కి, మూత బిగించండి. తలకిందులు చేస్తే గాలి బుడగ కనపడకూడదు.
5. మిగిలిన నీటిని జాడీతో కొలవండి. తొలిచిన నీరు, సీసాలో పోసిన నీరు కలిపి మొత్తం రాయండి.
6. సీసా ఒంటి మీద లేబులు అంటించండి. మూత మీద రాస్తే మూతలు మారిపోయిన రోజున అన్నీ పోతాయి.

మి.లీ. నుంచి మి.మీ.కి మార్చడం తేలికే. 15 సెం.మీ. గరాటు నోటి వైశాల్యం సుమారు 177 చ.సెం.మీ. కాబట్టి 1 మి.మీ. వానకు 17.7 మి.లీ. నీరు వస్తుంది. 2.5 మి.మీ. చిన్న వానకు 44 మి.లీ., అంటే 30 మి.లీ. సీసా నిండుతుంది. 204.5 మి.మీ. దాటితే వాతావరణ శాఖ అతి తీవ్ర భారీ వర్షం అంటుంది. అంత పడినా 3.6 లీటర్లే, 5 లీటర్ల క్యాను పొంగదు. మీ గరాటు లోపలి వ్యాసం స్కేలుతో రెండు వైపులా కొలిచి ఈ లెక్క మళ్లీ వేసుకోండి. షాపువాడు 15 అన్నా అది 14.5 కావచ్చు.

7. వాయుగుండం, తుపాను రోజులు

నెల్లూరు జిల్లాలో ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే పడుతుంది. అందులోనూ పెద్ద వాటా కొద్ది రోజుల్లోనే వచ్చేస్తుంది. మీ ఏడాది సగటును నిర్ణయించేవి ఆ రోజులే.

తుపాను వానలో ఆక్సిజన్-18 మామూలు వాన కంటే బాగా తక్కువగా ఉంటుంది. సుడి చుట్టూ మేఘాలు ఆగకుండా కురుస్తూ, బరువు రకాన్ని ముందే దింపేసుకుంటూ వస్తాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తీరానికి దగ్గరగా ఉత్తరం వైపు కదిలి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను నెల్లూరు, ఒంగోలు పక్కగా వెళ్లేటప్పుడు 24 గంటల నీటిని ఒకే సీసాలో కలిపేస్తే దగ్గరికి రావడం, పక్కగా పోవడం, దూరం కావడం అన్నీ ఒకే అంకెలో కలిసిపోతాయి.

కాబట్టి తుపాను హెచ్చరిక రాగానే:

- మూడు గంటలకో సీసా చొప్పున పొడి సీసాలు, ముందే లేబులు రాసి సిద్ధం చేయండి.
- గరాటు స్టాండును ఇటుకలతో, తాడుతో కట్టండి.
- సెల్‌ఫోను, టార్చి ఛార్జ్ చేసుకోండి. కరెంటు పోతుంది.
- క్యానును వరండాలోకి తెచ్చి గొట్టాన్ని లోపలికి లాగే వీలుంటే ముందు రోజే అమర్చండి.

పిడుగులు పడుతున్నా, గాలి ఉద్ధృతంగా ఉన్నా డాబా ఎక్కొద్దు. పిల్లల్ని అసలు పంపొద్దు. ఆ నమూనా పోతే పోనివ్వండి. రిజిస్టరులో "తీయలేదు" అని, ఎన్ని గంటల నీరు కలిసిందో రాస్తే చాలు.

8. రిజిస్టరు

రిజిస్టరు లేని సీసా ఉట్టి నీళ్ల సీసా. మన జిల్లాల్లో వాన ఏ వ్యవస్థ తెచ్చిందో తెలియకుండా డెల్టా ఓ-18కి అర్థం చెప్పలేం. ప్రతి నమూనాకు ఇవి రాయండి:

- ఊరు, తేదీ, నమూనా సంఖ్య
- వాన మొదలైన, ఆగిన సమయం
- మి.లీ., మి.మీ.
- సాయంత్రపు ఉరుముల వానా, ముసురా, అల్పపీడనమా, వాయుగుండమా, తుపానా
- గాలి ఏ వైపు నుంచి
- క్యాను తీయడం ఆలస్యమైతే ఎన్ని గంటలు
- జాలీ మీద రెట్ట, ఆకులు, దుమ్ము

నాలుగో గడికి రోజూ వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. గాలి ఎటు నుంచి వచ్చిందో వెనక్కి లెక్కగట్టే హైస్‌ప్లిట్ మోడల్ ఇంటర్నెట్‌లో ఉచితం. నెల్లూరుకు 14.44 ఉత్తరం, 79.99 తూర్పు, ఒంగోలుకు 15.50 ఉత్తరం, 80.05 తూర్పు ఇచ్చి, 1500 మీటర్ల ఎత్తులో ఐదు రోజుల వెనక్కి నడపండి. బంగాళాఖాతం మీదుగా వచ్చిందా, పడమటి నేల మీదుగా వచ్చిందా అన్నది గీతలో కనిపిస్తుంది.

9. నిల్వ, పంపడం

చీకటిగా, చల్లగా ఉన్న చోట నిలబెట్టి ఉంచండి. ఫ్రిజ్ కింది అర చాలు, గడ్డ కట్టించొద్దు. నింపిన రోజు ప్రతి సీసా తూకం రాసుకుని, పంపే ముందు మళ్లీ చూడండి. తూకం తగ్గిన సీసాకు గుర్తు పెట్టి, ఆ సంగతి ల్యాబ్‌కి చెప్పండి.

ప్రతి పదో నమూనాకు జంట సీసా నింపండి. ల్యాబ్‌కి జంట అని చెప్పకుండా వేరే సంఖ్యతో పంపండి. రెంటి మధ్య తేడా 0.2 పర్ మిల్ దాటితే ఎక్కడో లోపం ఉన్నట్టే.

నీరు మురికిగా ఉంటే సిరంజి ఫిల్టరుతో వడకట్టండి. కాగితం గరాటులో గంటసేపు తెరిచిపెట్టి వడకడితే ఆవిరి పోతుంది.

10. ఫలితం చదవడం

ముందు సగటు. మామూలు సగటు వాడొద్దు, వర్షపాతంతో తూచిన సగటు కావాలి. లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలు మూడు తీసుకుందాం:

- 4 మి.మీ. వాన, డెల్టా ఓ-18 మైనస్ 1.5
- 22 మి.మీ. వాన, మైనస్ 4
- 90 మి.మీ. వాన, మైనస్ 11

మూడింటిని కూడి మూడుతో భాగిస్తే మైనస్ 5.5. ఒక్కో అంకెను దాని మి.మీ.తో గుణించి కూడితే మైనస్ 1084. దాన్ని మొత్తం వర్షం 116తో భాగిస్తే మైనస్ 9.3. భూమిలోకి, చెరువులోకి దిగిన నీటి అసలు సగటు ఈ రెండోదే.

తర్వాత డ్యుటీరియం ఎక్సెస్. డెల్టా డి అంటే డ్యుటీరియానికి ల్యాబ్ ఇచ్చే అలాంటి అంకే. దాని నుంచి ఎనిమిది రెట్ల డెల్టా ఓ-18ని తీసేయండి. డెల్టా ఓ-18 మైనస్ 11, డెల్టా డి మైనస్ 78 అయితే మైనస్ 78కి 88 కలిపి 10. ప్రపంచ వానల సగటు దాదాపు ఇంతే. డెల్టా ఓ-18 మైనస్ 1.5, డెల్టా డి మైనస్ 8 అయితే వచ్చేది 4. ఇది ఆవిరి జాడ.

తక్కువ వచ్చిందని వెంటనే నమూనాను కొట్టేయొద్దు. పొదిలి, కనిగిరి వైపు ఎండాకాలం సాయంత్రం ఈదురుగాలితో నాలుగు చినుకులు రాలితే, అవి పొడి గాలిలోనే సగం ఆవిరవుతాయి. అది నిజమైన వాతావరణ సమాచారమే. 60 మి.మీ. ముసురు వానకు 4 వస్తే మాత్రం మీ క్యానును అనుమానించండి. రెండూ విడదీసేది మీ రిజిస్టరే.

ఇక రుతువులు. దక్షిణ భారతంలో కొలిచిన చాలా చోట్ల ఈశాన్య రుతుపవన వాన నైరుతి వాన కంటే ఎక్కువ మైనస్‌లో ఉంటుంది. గంగా, బ్రహ్మపుత్ర నదుల నీరు వర్షాకాలంలో బంగాళాఖాతం పైపొరలో కలిసి దాని ఆక్సిజన్-18ని తగ్గించడం ఒక కారణం, వాయుగుండాలు మరొకటి. మీ అక్టోబరు, నవంబరు అంకెలు జులై కంటే దిగువకు జారితే ఆశ్చర్యపోకండి. పెద్ద వానకు పెద్ద మైనస్ అనే సంబంధం నెల సగటుల్లో బాగా కనిపిస్తుంది, రోజు అంకెల్లో చాలాసార్లు చెదిరిపోతుంది.

11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

- *ఇంటి పైకప్పు పైపు నీరు పట్టడం.* వేడి స్లాబు మీద ఆవిరై వస్తుంది. పనికిరాదు.
- *వాన లేని రోజుల్లో గరాటు కడగకపోవడం.* దుమ్ము పేరుకుంటుంది. కడిగి పొడి గుడ్డతో తుడవండి, తడి మిగలకూడదు.
- *చిన్న వానల్ని వదిలేయడం.* నీరు సీసాకు చాలకపోయినా మి.మీ. రాయండి, లేకపోతే తూచిన సగటు తప్పుతుంది.
- *మినరల్ వాటర్ సీసాల్లో నెలలు దాచడం.* పల్చటి సీసా గోడల నుంచి, మూత నుంచి ఆవిరి పోతుంది.
- *సీసాలో సగం నీళ్లు.* పైన ఉన్న గాలిలోకి ఆవిరి చేరుతుంది. నీరు తక్కువైతే చిన్న సీసా వాడండి.

12. వాతావరణ మార్పు గురించి ఎంత దాకా అనొచ్చు

ఒక్క ఏడాది అంకెలతో వాతావరణం మారిందని రాయొద్దు. వాతావరణ సగటులకు ప్రపంచ వాతావరణ సంస్థ తీసుకునే ప్రామాణిక కాలం 30 ఏళ్లు. ఒక ఏడాది రికార్డు రెండు రుతువుల తేడా చూపిస్తుంది. ఐదారేళ్లు నడిస్తే మంచి వానలేడుకీ కరువేడుకీ మధ్య తేడా, ఏడాది సగటులో తుపానుల వాటా ఎంతన్నది చెప్పొచ్చు. పాతికేళ్లు దాటాకే ధోరణి మాట.

అలాగని చిన్న రికార్డు దండగేం కాదు. గుహల్లో సున్నపు స్తంభాల పొరల్లో, చెట్ల వలయాల్లో పాత వానల ఆక్సిజన్-18 నిలిచి ఉంటుంది. శాస్త్రవేత్తలు వందల, వేల ఏళ్ల రుతుపవనాల్ని దాంతోనే చదువుతారు. ఆ చదువు సరైనదా అని తేల్చాలంటే నేటి వాన అంకె ఏ కారణానికి ఎంత కదులుతుందో తెలియాలి. రెండు రుతుపవనాలూ తగిలే మన జిల్లాల్లో జాగ్రత్తగా పట్టిన కొద్ది సంవత్సరాల నమూనాలు కూడా అందుకు పనికొస్తాయి. ఒక కాలేజీలో బ్యాచ్ మారినా రిజిస్టరు చేతులు మారి సాగేలా ముందే ఏర్పాటు చేయండి.

13. బావి, చెరువు నీటితో పోల్చడం

ఏడాది వాన అంకెలు చేతికొచ్చాక రైతులకు వెంటనే ఉపయోగపడేది ఇది. జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి ఊరి బావి, బోరు, చెరువు నుంచి ఒక్కో సీసా నింపండి. బోరును పది నిమిషాలు ఆడించి, పైపులో నిలిచిన నీరు పోయాక పట్టండి. చెరువులో ఒడ్డున కాకుండా లోతున్న చోట, మోచేతి లోతున సీసా ముంచి మూత అక్కడే తీయండి.

బోరు అంకె ఈశాన్య వానల తూచిన సగటుకు దగ్గరగా ఉంటే, ఆ నీరు ఎక్కువగా అక్టోబరు-డిసెంబరు వానదని అనుకోవచ్చు. డెల్టా ఓ-18 సున్నా వైపు జరిగి, డ్యుటీరియం ఎక్సెస్ పడిపోయి ఉంటే చెరువులో నిలిచి ఆవిరైన నీరు ఇంకుతున్నట్టు. తీరం దగ్గర ఉప్పు బావిలో మాత్రం ఈ రెండింటితో ఆగకుండా క్లోరైడు కూడా కొలిపించండి. క్లోరైడు పెరిగి డెల్టా ఓ-18 కూడా సున్నాకు చేరువైతే సముద్రపు నీరు కలిసి ఉండొచ్చు. క్లోరైడు పెరిగినా డెల్టా ఓ-18 వాన అంకె దగ్గరే ఉంటే, నేలలో పేరుకున్న ఉప్పు కరిగి దిగుతోందేమో ముందు చూడాలి.